ఏటి గీత

గోదావరి సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎడంగా ఒక ఉప్పు షావుకారు ఉండేవాడు. ఆయనకు మడులున్నాయి, కొటార్లున్నాయి, కోరంగిలో కట్టించిన పెద్ద నావ ఉంది. ఎండలు ముదిరి కొత్త ఉప్పు కొటారుకు చేరగానే నావను సముద్రపు రేవులో నిలిపి బస్తాలెక్కించి, ఏటికి ఎదురెక్కించి పై ఊళ్ల సంతలకు పంపేవాడు. నావ నడిపే సరంగు ముసలివాడు. షావుకారు తండ్రి కాలం నుంచీ ఆ చుక్కాని అతని చేతిలోనే ఉంది.

నావ పక్కచెక్క మీద తారుతో గీసిన గీతలు రెండు. వాటి మధ్య ఎడం ఒక్క అంగుళం. సరుకెక్కుతున్నంతసేపూ సరంగు ఒడ్డున గొంతుకూర్చుని నీళ్లకేసే చూసేవాడు. నీళ్లు కింది గీతను తాకగానే చెయ్యెత్తేవాడు. ఇక ఒక్క బస్తా పడనిచ్చేవాడు కాదు. ఎందుకని అడిగిన వాళ్లూ లేరు.

ఆ ఏడు కొత్త గుమస్తా వచ్చాడు. కంటికి కనిపించిన ప్రతిదాన్నీ రూపాయల్లోకి మార్చి చూసే మనిషి. అతని చూపు ఆ అంగుళం మీద పడింది. వేళ్లు మడిచి లెక్క వేసి షావుకారు చెవిలో ఊదాడు: "ఆ రెండు గీతల మధ్య పదమూడు బస్తాలు పడతాయండీ. తడవకు పదమూడు చొప్పున మీ నాన్నగారి కాలం నుంచీ ఎన్ని బస్తాలు ఒడ్డున మిగిలిపోయాయో చూసుకోండి."

షావుకారు సరంగుని పిలిపించాడు.

"ఏం సరంగూ, పైన ఇంకో గీత ఉందిగా. దాన్నెందుకు వదిలేస్తున్నావు?"

"అది ఏటి గీతండి బాబూ. ఏట్లోకెళ్లాక నీళ్లు అక్కడికొస్తాయండి. పైన ఇసుక మేట ఉంది కదండి, దాని మీద ఆ గీత దాకానే లోతండి. అది దాటి మునిగితే అడుగు ఆనేస్తాదండి."

"ఇక్కడ కింది గీత దగ్గరున్న నీళ్లు అక్కడ పై గీత దగ్గరికెలా వస్తాయి? దారిలో ఇంకేమన్నా ఎక్కిస్తావా?"

గుమస్తా నవ్వాడు. సరంగు నవ్వలేదు.

"ఎవరూ ఏమీ ఎక్కించరండి. నావే దిగుద్దండి. మంచినీళ్లకి బలం తక్కువండి."

"నీళ్లకి బలమేమిటోయ్!" అన్నాడు షావుకారు. సరంగు దగ్గర ఆ మాటకు జవాబు లేదు. నావ దిగుతుందని అతనికి తెలుసు. గీతలు గీసిన తన తండ్రి ఆ మాటే చెప్పాడు, జీవితమంతా తను చూసిందీ అదే. ఎందుకు దిగుతుందో మాత్రం తెలియదు. తెలిసినదాన్ని నిరూపించలేనివాడి మౌనం తప్పు చేసినవాడి మౌనంలాగే కనిపిస్తుంది. ఆ పదమూడు బస్తాల జాగాను సరంగు దారిలో ఎవరికో అమ్ముకుంటున్నాడని షావుకారు తేల్చేశాడు. ముసలాణ్ణి ఉప్పుమడుల కాపలాకు పంపి, చుక్కానిని అతని మేనల్లుడికిచ్చాడు. కుర్రవాడు షావుకారు మాట కాదనలేకపోయాడు, మావయ్య మొహం చూడలేకపోయాడు.

ఈసారి నీళ్లు పై గీతను తాకేదాకా బస్తాలు పడ్డాయి. సముద్రంలో నావ హాయిగా సాగింది. ఏటి ముఖంలోకి తిరిగింది. నీళ్లు ఉప్పన పోయి ఉప్పుచప్పన అయ్యాయి, ఆపైన పొద్దున్నకి కళాసీలు చేత్తో ముంచుకు తాగేంత తియ్యనయ్యాయి. అంత దూరంలోనూ నావ దిగింది ఒక్క అంగుళం. మైలుకు ఒక వెంట్రుకవాసి దిగే దాన్ని ఎవరు కనిపెడతారు? పైగా ఇద్దరు కళాసీలు వంట చేస్తున్నారు, కుర్ర సరంగు తెరచాప చూసుకుంటున్నాడు. ఇసుక మేట దగ్గరికి వచ్చేసరికి అడుగున గరగరమని చప్పుడైంది, నావ ఆగిపోయింది. గెడలేసి తోశారు. గెడలు వంగాయి గాని నావ కదల్లేదు.

కబురు అందుకుని షావుకారూ గుమస్తా దోనె కట్టించుకుని వచ్చారు. విచారణ మొదలైంది. బస్తాలు లెక్కపెట్టారు. ఎక్కించినన్నే ఉన్నాయి. ఎవరో చాటుగా ఉప్పు దట్టించి ఉంటారని బస్తాలను కాటా మీద పెట్టి చూశారు. తూకం రేవులో చూసినదే. అడుగు చెక్కలో ఎక్కడో నీరు ఊరుతోందన్నాడు గుమస్తా. పలకలెత్తి చూస్తే అడుగు పొడిగా ఉంది. మేటే పెరిగిందేమోనని గెడతో లోతు కొలిచారు. ఎప్పటి లోతే. కళాసీలను ఒక్కొక్కణ్ణీ పక్కకు పిలిచి గద్దించారు. వాళ్లకు తెలిసిందల్లా నావ ఆగిందని.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నావ మాత్రం ఇసుక మీద ఉంది. పై గీత నీళ్లలో అంగుళం లోతున ఉంది.

కుర్ర సరంగు మెల్లిగా అన్నాడు, "మావని పిలిపిద్దామండీ."

ముసలాడు మర్నాడు ఒక కుండతో వచ్చాడు. కుండ నిండా సముద్రపు నీళ్లు. వస్తూనే ఎవరినీ ఏమీ అనకుండా ఉప్పు తూచే కాటా వేలాడదీయించాడు. ఒక తట్టలో సముద్రపు నీళ్ల కుండ పెట్టి, రెండో తట్టలో రాళ్లు వేసి ముల్లు నిలబెట్టాడు. తర్వాత కుండ దింపి, ఆ నీళ్లు పారబోసి, అదే కుండను ఏట్లో ముంచి అంచుదాకా నింపి మళ్లీ పెట్టాడు. కుండ ఉన్న తట్ట పైకి లేచింది. రాళ్లు అవే, కుండ అదే.

"ఒక బస్తా విప్పరా" అన్నాడు మేనల్లుడితో. ఏటి నీళ్ల కుండ పక్కన, అదే తట్టలో, గుప్పెడు ఉప్పు వేశాడు. ఇంకో గుప్పెడు. పది గుప్పెళ్లు పడేసరికి ముల్లు మధ్యకొచ్చి నిలిచింది.

షావుకారు చాలాసేపు ఆ ముల్లునే చూశాడు.

"ఇది నాకు ముందే ఎందుకు చూపించలేదు?"

"ముందు నాకూ తెలవదండి. మీరు మడుల మీదికి పంపారు కదండి, అక్కడ తెలిసిందండి. నీళ్లు ముదిరాయో లేదో చూడ్డానికి మీ కూలీలు గాజుబుడ్డి ఒకటి తేలేస్తారండి. పల్చటి నీళ్లలో అది దిగబడి ఉంటాదండి, ముదిరిన నీళ్లలో పైకి లేస్తాదండి. అది చూసేసరికి మన నావే గుర్తొచ్చిందండి. మనం మంచినీళ్లలోకెళ్తున్నామంటే ఆ బుడ్డిని పల్చటి నీళ్లలోకి తెచ్చినట్టే కదండి."

"మరి అప్పుడే వచ్చి చెప్పకపోయావా?"

"మీరు నా లెక్క అడిగారండి బాబూ. నీళ్ల లెక్క అడగలేదండి."

దోనెల్లోకి బస్తాలు దింపడం మొదలుపెట్టారు. పదమూడో బస్తా దిగాక నావ అడుగు ఇసుకను వదిలింది. దోనెల వాళ్లు అడిగిన కూలి ఆ పదమూడు బస్తాల లాభం కంటే ఎక్కువే అయింది. గుమస్తా ఆ పద్దును ఏ ఖాతాలో రాశాడో మనకు అనవసరం.

నీతి: బస్తాలను తూచారు, మేటను కొలిచారు, మనుషులను అనుమానించారు, నీళ్లను మాత్రం ఎవరూ తూచలేదు. ఎప్పుడూ ఉండేదే కదా అని మనం లెక్కలోకి తీసుకోని దానికీ ఒక గుణం ఉంటుంది. లెక్క కుదరనప్పుడు ముందుగా కొలవాల్సింది దాన్నే.

ఇక ఆ గుణం సంగతి. సైన్సు పుస్తకంలో పదార్థాల భౌతిక ధర్మాలంటూ రంగు, వాసన, గట్టిదనం, కరిగే ఉష్ణోగ్రత, మరిగే ఉష్ణోగ్రత, ద్రావణీయత, సాంద్రత అని వరసగా పేర్లుంటాయి. పిల్లలు ఆ వరసను అప్పజెబుతారు. అయితే వాటిలో ఏది ఎప్పుడు అక్కరకొస్తుందో ఆ వరస చెప్పదు. నావ ఆగిన చోట రంగు పనికిరాలేదు. ఏటి నీళ్లూ సముద్రపు నీళ్లూ గాజుగ్లాసులో పోస్తే కంటికి ఒకటే. నాలుకకు తేడా తెలుస్తుంది గాని, నావ అంగుళం ఎందుకు దిగిందో నాలుక చెప్పలేదు. చెప్పగలిగింది సాంద్రత ఒక్కటే: ఒక ఘనపు మీటరు జాగాలో ఎంత ద్రవ్యరాశి పట్టిందో చెప్పే కొలత. మంచినీటికి అది దాదాపు 1000 కిలోలు. లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలున్న సముద్రపు నీటికి దాదాపు 1025 కిలోలు. ముసలి సరంగు చెప్పిన "బలం" ఈ 25 కిలోలే. అతని కుండలో 20 లీటర్లు పడతాయనుకుంటే తేడా అర కిలో, పది గుప్పెళ్ల ఉప్పు.

తేలే వస్తువు ఏదైనా తన బరువుకు సమానమైన బరువున్న నీటిని పక్కకు తోస్తుంది. ఇది ఆర్కిమెడిస్ సూత్రం. మన నావ సరుకుతో కలిపి 40 టన్నులనుకోండి. ఏట్లో అది 40 ఘనపు మీటర్ల నీటిని తోయాలి. సముద్రంలో దాదాపు 39 తోస్తే చాలు, ఎందుకంటే అక్కడ ఒక్కో ఘనపు మీటరూ బరువెక్కువ. అంటే సముద్రం నుంచి ఏట్లోకి వచ్చిన నావ ఇంకో ఘనపు మీటరు జాగా కోసం కిందికి దిగాలి. నీటిమట్టం దగ్గర నావ అడ్డుకోత 40 చదరపు మీటర్లుంటే ఆ దిగుడు రెండున్నర సెంటీమీటర్లు. అదీ సరంగు అంగుళం. షావుకారు దాన్ని ఖాళీ జాగా అనుకుని టన్ను ఉప్పు నింపాడు. బస్తా 75 కిలోలైతే పదమూడు బస్తాలు. మేట మీద దింపాల్సి వచ్చిందీ సరిగ్గా ఆ టన్నే.

ఇక్కడ బడిపిల్లలు ఎక్కువగా తడబడే సంగతి ఒకటుంది. సరంగు తెచ్చింది ఒక్క కుండ నీళ్లు. ఆ కుండెడు నీళ్లను తూచి సముద్రం గురించి ఎలా చెప్పగలిగాడు? ద్రవ్యరాశి, ఘనపరిమాణం అనేవి ఎంత తీసుకుంటే అంత ఉంటాయి. చెంబుకు తక్కువ, చెరువుకు ఎక్కువ. సాంద్రత అలా కాదు. చెంబులో తీసినా చెరువులో చూసినా అదే నీరైతే అదే సంఖ్య. మరిగే ఉష్ణోగ్రత, కరిగే ఉష్ణోగ్రతా ఈ కోవలోవే. పదార్థం ఎంత ఉందో చెప్పే కొలతలు వేరు, అది ఏమిటో చెప్పే కొలతలు వేరు. షావుకారు విచారణంతా మొదటి రకం కొలతలతోనే సాగింది. ఎన్ని బస్తాలు, ఎంత తూకం, ఎంత లోతు అన్న ప్రశ్నలే తప్ప, ఇది ఎలాంటి నీరు అన్న ప్రశ్న ఆయనకు తట్టలేదు.

నిజానికి ఆ ప్రశ్నకు జవాబు మీదే ఆయన ఇల్లు నడుస్తోంది. ఉప్పు పండించడమంటే సాంద్రతను కనిపెట్టుకుని ఉండటమే. కూలీలు తేలేసిన గాజుబుడ్డి హైడ్రోమీటరు. దాని మీది కొలతలు ఫ్రెంచి ఔషధ శాస్త్రవేత్త ఆంత్వాన్ బామే 1768లో రూపొందించినవి, అందుకే వాటిని బామే డిగ్రీలంటారు. మడిలోకి పెట్టిన సముద్రపు నీరు మూడు, మూడున్నర డిగ్రీలు చూపిస్తుంది. ఎండకు నీరు ఆవిరయ్యే కొద్దీ బుడ్డి లేస్తూ ఉంటుంది. 13 డిగ్రీలు దాటాక ముందు జిప్సం అడుగున పేరుకుంటుంది, దానికి ద్రావణీయత తక్కువ గనక. అందుకే ఆ నీటిని అక్కడే కొన్నాళ్లు ఉంచి, 25 డిగ్రీల దగ్గరికి వచ్చాక వేరే మడికి మళ్లిస్తారు. అక్కడ తినే ఉప్పు పలుకులు కడుతుంది. 29, 30 డిగ్రీలకు చేరాక మిగిలిన నీటిని బయటికి వదిలేయాలి, ఆలస్యం చేస్తే మెగ్నీషియం లవణాలు కలిసి ఉప్పు చేదెక్కుతుంది. ఏ మందూ కలపకుండా, ఎండనూ ఒక గాజుబుడ్డినీ నమ్ముకుని మూడు పదార్థాలను మూడు చోట్ల విడదీసే ఈ పనిని నేను ప్రయోగశాలలో జరిగే ఏ పనికీ తీసికట్టు అనను. ఇంత జరిగినా కొత్త పదార్థం ఏదీ పుట్టలేదు. నీటిలో ఉన్న ఉప్పే బయటికొచ్చింది, మళ్లీ నీటిలో వేస్తే మళ్లీ కరుగుతుంది. భౌతిక మార్పు అంటే ఇదీ.

సరంగు తారు గీతలు కథలోవే గాని, అలాంటి గీతలు నేటికీ ప్రతి సరుకు ఓడ పక్కనా ఉంటాయి. బ్రిటన్ పార్లమెంటు సభ్యుడు శామ్యూల్ ప్లిమ్సాల్ ఎన్నో ఏళ్లు పోరాడాక 1876లో అక్కడి చట్టం ఓడల మీద భారపు గీతను తప్పనిసరి చేసింది. విచిత్రమేమిటంటే గీత ఉండాలంది గాని ఎక్కడ ఉండాలో ఓడ యజమానికే వదిలేసింది. మన షావుకారు లాంటి వాళ్లు ఆ దేశంలోనూ ఉంటారుగా! గీత ఎక్కడుండాలో కూడా చట్టమే నిర్ణయించడానికి 1890 దాకా పట్టింది. ఇవాళ ఓడరేవుకు వెళ్లినవాళ్లు ఓడ మధ్యభాగాన ఒక వలయం, దాని పక్కన నిచ్చెనమెట్లలా చిన్న గీతలు చూడొచ్చు. ఎస్ అన్నది వేసవి సముద్రానికి, డబ్ల్యూ చలికాలపు సముద్రానికి. డబ్ల్యూ గీత కిందికి ఉండేది సాంద్రత వల్ల కాదు, చలికాలపు అలలకు భయపడి. ఎఫ్ అని ఉన్నది మాత్రం ముసలి సరంగు ఏటి గీతే. అది ఎస్ కంటే పైన ఉంటుంది. సముద్రంలో ఎస్ దాకా మునిగేలా నింపిన ఓడ, నదిలోని రేవుకు చేరాక ఎఫ్ దాకా దిగుతుందని ముందే లెక్కగట్టి గీసినది.

ఆ దిగుడు ఎప్పుడూ ఒకేలా ఉండదని ఒక మాట చెప్పాలి. వరదల రోజుల్లో గోదావరీ కృష్ణా గంగా బ్రహ్మపుత్రా తెచ్చి పోసే నీటితో బంగాళాఖాతం పైపొర ఉప్పదనం బాగా తగ్గుతుంది. అప్పుడు సముద్రానికీ ఏటికీ సాంద్రతలో తేడా తగ్గి, నావ దిగే అంగుళమూ తగ్గుతుంది. మన కథలో ఉప్పు ఎక్కించింది వేసవిలో గనక సరంగు గీతలు సరిగ్గా సరిపోయాయి.

గాజుబుడ్డి లేకపోయినా తరగతి గదిలో దీన్ని చూడొచ్చు. కూల్‌డ్రింకు స్ట్రా ఒక కొసను బంకమట్టితో మూసి, నిలువుగా తేలేలా ఆ మట్టి బరువును సరిచేయండి. మంచినీళ్లలో 10 సెంటీమీటర్లు మునిగే స్ట్రా, లీటరుకు 35 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్లలో రెండు మిల్లీమీటర్లకు పైగా లేస్తుంది. గీత గీసి చూస్తే కనిపిస్తుంది. గుప్పెళ్లతో ఉప్పు వేస్తూ పోతే సెంటీమీటరు పైగా కూడా లేపొచ్చు.

ఉత్సాహం కొద్దీ ఆ స్ట్రాను తీరప్రాంతపు ఊళ్లలో ఉప్పెక్కుతున్న బోరు నీళ్లలో వేసి చూద్దామనిపిస్తుంది. అక్కడ అది మొహం చాటేస్తుంది. తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించకూడదని, వేరే దారి లేని చోట 2000 దాకా ఒప్పుకోవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. ఆ 2000 మిల్లీగ్రాముల నీటిలోనూ మన స్ట్రా లేచేది మిల్లీమీటరులో ఏడో వంతు. నోటికి ఉప్పగా తగిలే నీటిని కూడా స్ట్రా మంచినీరనే అంటుంది. అక్కడ సాంద్రతను వదిలి ఇంకో భౌతిక ధర్మాన్ని పట్టుకోవాలి. కరిగిన ఉప్పు అయాన్లుగా విడిపోతుంది గనక నీటిలో విద్యుత్తు పారడం తేలికవుతుంది. లీటరుకు రెండు గ్రాముల తేడా సాంద్రతకు ఆనదు గాని విద్యుత్ వాహకతను ఎన్నో రెట్లు పెంచేస్తుంది. నీళ్ల ఫిల్టరు బిగించడానికి వచ్చినవాళ్లు జేబులోంచి తీసి గ్లాసులో ముంచే పెన్నులాంటి టీడీఎస్ మీటరు చేసే పని అదే. దాని కొసన ఉన్న రెండు లోహపు ముళ్ల మధ్య విద్యుత్తు ఎంత పారుతోందో కొలిచి, ఆ అంకెను మిల్లీగ్రాముల్లోకి మార్చి చూపిస్తుంది.